పనిముట్ల జాబితాలో లేని మోకాళ్లు



పండక్కో, పరీక్షలు అయిపోయాకో హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో ఊరికి పోయేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఈసారి పోయేటప్పుడు ముందు సీటు దొరికితే అద్దంలోంచి రోడ్డు వైపు చూడండి. లైట్లు పడ్డంత మేర లేన్ల మధ్య వరసగా చిన్న చిన్న చుక్కలు వెలుగుతుంటాయి. చాలావాటికి కరెంటు ఉండదు, బ్యాటరీ ఉండదు. అరచేయంత ప్లాస్టిక్ బిళ్లో అల్యూమినియం బిళ్లో. అంగుళం ఎత్తు కూడా ఉండదు. దాని ముఖానికి రిఫ్లెక్టర్ ఉంటుంది, మన బండి లైటునే మన కళ్లకు తిప్పి పంపిస్తుంది. వానాకాలం నీళ్లు నిలిచి తెల్ల గీత కనిపించకుండా పోయినా ఈ బిళ్ల కనిపిస్తుంది. ఇంజనీర్లు రోడ్ స్టడ్ అంటారు. కొందరు పిల్లికన్ను అంటారు. మేం స్టడ్డు అనేవాళ్లం.

'మేం' అన్నాను కదా. 2011 ఎండాకాలం, డిగ్రీ రెండో సంవత్సరం సెలవుల్లో 42 రోజులు నేను ఆ పని చేశా. మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, అప్పటికే ఆ గ్యాంగులో ఉన్నాడు. రోజుకు 250 రూపాయలు. హాస్టల్ బాకీ కట్టడానికి పోయా.

ముందు పనిముట్లు చెప్తా. ఒక టాటా ఏస్ బండి. దాంట్లో జనరేటర్. హ్యామర్ డ్రిల్లింగ్ మిషన్ ఒకటి, బిట్లు నాలుగైదు. దుమ్ము ఊదే బ్లోయర్. తీగ బ్రష్షు. కొలత టేపు, నూలు దారం, సుద్ద పొడి. జిగురుకు రెండు డబ్బాలు, ఒకదాంట్లో రెసిన్, ఇంకోదాంట్లో హార్డెనర్. కలపడానికి కట్టె, పూయడానికి రేకు ముక్క. రబ్బరు సుత్తి. ఐదో ఆరో కోన్లు, రెండు ఎర్ర జెండాలు. సామాను బండెక్కించేటప్పుడు సూపర్వైజర్ ఒక కాగితం పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకునేవాడు. దిగేటప్పుడు మళ్లీ టిక్కు. డ్రిల్ బిట్టు విరిగితే ఎవరి చేతిలో విరిగిందో రాసుకునేవాడు.

పని ఎట్లా సాగుతుందంటే, ముందు ఇద్దరు దారం పట్టుకుని సుద్దతో గుర్తులు పెడతారు. వెనక డ్రిల్లు. మా స్టడ్డుకి కింద రెండు కాళ్లుండేవి, కాబట్టి రెండు రంధ్రాలు. రంధ్రంలో దుమ్ము పిసరంత మిగిలినా జిగురు పట్టదు. అందుకని బ్లోయర్‌తో ఊది, బ్రష్షుతో గీకి, మళ్లీ ఊదాలి. జిగురు కలిపాక ఆగకూడదు, ఎండాకాలం డబ్బాలోనే గడ్డకడుతుంది. రంధ్రం నిండా పోసి, బిళ్ల అడుగున పూసి, రిఫ్లెక్టర్ ముఖం వచ్చే బండ్ల వైపు తిప్పి కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు. పక్కలకు పొంగిన జిగురు రిఫ్లెక్టర్‌కి అంటితే గుడ్డతో తుడవాలి. లేకపోతే అది గుడ్డి కన్ను. తర్వాత ఇంకో బిళ్ల. మళ్లీ ఇంకో బిళ్ల.

ఈ పనంతా మోకాళ్ల మీదే. గొంతుక్కూర్చుంటే సుత్తికి బలం రాదు, వంగి నిలబడితే నడుం పోతుంది. మధ్యాహ్నం తారు మీద మోకాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. డ్రిల్లు లేపే దుమ్ము రాతి దుమ్ము, అందులో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే. రెసిన్ పడితే కొందరికి వేళ్ల సందుల్లో చర్మం పగిలి నీరు కారుతుంది. ఇంకో సంగతి. బండ్లు పోయే దిశలోనే పని ముందుకు సాగుతుంది. అంటే మోకాళ్ల మీదున్న మనిషి వీపు వచ్చే బండ్లకు ఉంటుంది. రిఫ్లెక్టర్ ముఖం బండ్ల వైపు, మనిషి వీపు బండ్ల వైపు.

వారం తిరిగేసరికి నా మోకాళ్లు బొబ్బలెక్కి రసి కారుతున్నయి. ఆదివారం ఇంటికి పోతే మా నాయిన చూసిండు. ఏం మాట్లాడలే. మా నాయిన చెప్పులు కుట్టేవాడు. మూలకున్న సంచిలోంచి ఆరె, రంపె తీసిండు. పాత లారీ ట్యూబు ముక్క కోసి, లోపల గోనెపట్ట మడతలు పెట్టి, చుట్టూ కుట్టి, వెనక కట్టుకోవడానికి రెండు పట్టీలు వేసిండు. గంటన్నర పని. "నడిచి సూడు" అన్నడు. నడిచిన. "వంగి సూడు" అన్నడు. వంగిన. ఎడమదాని పట్టీ కొంచెం లూజు చేసిండు.

సోమవారం గ్యాంగులో అందరూ వాటినే చూసిన్రు. ఆ వారంలో మా నాయిన ఇంకో ఆరు జతలు కుట్టిండు, జతకు 30 రూపాయలు. మా అన్న సూపర్వైజర్ని అడిగిండు: "సార్, ఈ పైసలు కంపెనీ నుంచి ఇప్పియ్యున్రి." ఆయన కాగితం తీసి చూపించిండు. "దీంట్ల ఉన్నదా గిది? లిస్టుల లేనిదానికి నేనెక్కడికెల్లి ఇయ్యాలె?"

నిజమే. లిస్టులో లేదు. రంధ్రానికి పనిముట్టు ఉంది, దుమ్ముకి ఉంది, జిగురుకి ఉంది, గీతకి ఉంది. మోకాలికి లేదు. ఎందుకంటే ఆ లెక్కలో మోకాలు కూడా పనిముట్టే. అది కూలీ వాడు ఇంటినుంచి తెచ్చుకోవాల్సిన సొంత సామాను.

ఇది టెక్నాలజీ లేక జరిగేదా అని అడగండి. పిల్లికన్నును కనిపెట్టింది ఇంగ్లండులో యార్క్‌షైర్ వాడు పెర్సీ షా, రోడ్లు మరమ్మతు చేసే పనిలో ఉన్నవాడు. 1934లో పేటెంటు తీసుకున్నాడు, 1935లో హాలిఫాక్స్‌లో కంపెనీ పెట్టాడు. గాజు కళ్లను రబ్బరు దిమ్మలో, ఆ దిమ్మను ఇనుప పెట్టెలో పెట్టాడు. టైరు ఎక్కినప్పుడు దిమ్మ కిందికి నొక్కుకుని రబ్బరే ఆ కళ్లను తుడుస్తుంది, పెట్టెలో నిలిచిన వాన నీళ్లతో. మనిషి పోయి తుడవాల్సిన పని తప్పింది. అమెరికాలో కాలిఫోర్నియా రహదారుల శాఖ కెమిస్టు ఎల్బర్ట్ బాట్స్ పేరుతో లేన్ల మధ్య గుండ్రటి బుడిపెలు వచ్చాయి. మొదట మేకులతో బిగించి చూశారు. బుడిపె ఊడితే మేకు పైకి లేచి టైరులో దిగుతుంది. అందుకని ఎపాక్సీ జిగురుకు మారారు. 1966లో మంచు పడని చోట్ల ఫ్రీవేలన్నిటికీ వాటిని తప్పనిసరి చేశారు. టైరుకు గుచ్చుకుంటుందని పనిముట్టు మార్చారు, గమనించండి.

అక్కడ కూడా బిళ్లను చేత్తో పెట్టే మనిషి ఉన్నాడు. కాకపోతే లారీ పక్కన రోడ్డుకు ఆనుకున్నట్టు కిందికి దించిన సీటు ఉంటుంది, అందులో కూర్చుని పెట్టుకుంటూ పోతాడు. జిగురు యంత్రంలోంచి వస్తుంది. వెనకాల ఇంకో లారీ, దాని తోకకు గుద్దితే నలిగిపోయే మెత్తటి చట్రం. ఎవడైనా తాగి బండిని మీదికి తెచ్చినా ముందు ఆ చట్రానికి తగులుతుంది.

మరి మన దగ్గర రూలు లేదా? ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2001లోనే రోడ్డు పని జరిగే చోట ట్రాఫిక్‌ని ఎట్లా మళ్లించాలో పుస్తకం వేసింది, 2014లో సవరించింది. ముందు హెచ్చరిక జోన్, తర్వాత బండ్లు పక్కకు మళ్లే జోన్, తర్వాత పని జోన్, చివర ముగింపు జోన్. నాలుగు జోన్లు, బోర్డులు, బారికేడ్లు అన్నీ ఉన్నాయి. మా గ్యాంగుకి దక్కింది ఐదు కోన్లు. కాంట్రాక్టు కింద సబ్ కాంట్రాక్టు, దాని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద మేం. రేటు బిళ్లకు ఇంత అని. ప్రతి మెట్టు దగ్గర ఒకడు తన వాటా మిగుల్చుకోవాలి. బిట్టు ఖర్చు తగ్గదు, డీజిల్ తగ్గదు, జిగురు తగ్గదు. తగ్గేవి కోన్లు, ఆ తర్వాత మనిషి.

ఆ తగ్గే మనిషి ఎవరనేదే నా ప్రశ్న. 42 రోజుల్లో నేను చూసిన గ్యాంగులో బండి నడిపినవాడు, లెక్క రాసినవాడు, టేపు పట్టినవాడు ఒక వైపు. డ్రిల్లు, జిగురు, సుత్తి ఇంకో వైపు. ఈ రెండో వైపున్న ఏడుగురమూ మాల మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లమే. 'మీకు అలవాటే కదరా' అనేవాడు మేస్త్రీ, తిట్టు కింద కాదు, మెచ్చుకోలు కిందే. కులం పనిని పంచడమే కాదు, పనిచేసేవాళ్లను కూడా మెట్లు మెట్లుగా విడగొట్టింది అని బాబాసాహెబ్ 1936లో వివరించిన సంగతి క్లాసులో చదవకముందే నాకు ఆ టాటా ఏస్ దగ్గర అర్థమైంది. దసరాకి ఆ డ్రిల్లుకి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టేవాళ్లని మా అన్న చెప్పిండు. దాన్ని పట్టుకునే చేతికి గ్లౌజు లేదు.

1924లో వైకోం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద అడుగుపెట్టే హక్కు కోసం మనలాంటివాళ్లు సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. నూరేళ్లు గడిచాయి. ఇప్పుడు రోడ్డు మీదికి మనల్ని పిలుస్తున్నారు, మోకాళ్ల మీద.

ఇక అసలు సంగతికి వస్తా. గత ఏడాది జనవరిలో, పక్క జిల్లాలో ఓ పని. తెల్లవారుజాము, పొగమంచు. జెండా పట్టుకున్నది కొత్త పిల్లగాడు. ఓ కారు కోన్లు తన్నుకుంటూ లోపలికొచ్చింది. మా అన్న వీపు అటే ఉంది. తొడ ఎముక, తుంటి రెండూ విరిగినయి. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు. 44 ఏళ్ల మనిషి.

కాంట్రాక్టరు మనిషి ఆసుపత్రికి 20 వేలు పట్టుకొచ్చి, ఒక కాగితం మీద సంతకం అడిగిండు. మా వదినె పెట్టనియ్యలే. "మా తమ్ముడు చదివినంక పెడ్తం" అన్నది. నేను చదివిన. 'ఇక ఏ బాకీ లేదు' అని రాసుంది. సంతకం పెట్టలేదు. అప్పుడు మాట మారింది. 'అతను మా మస్టర్లో లేడు' అన్నారు. 'అది కన్‌స్ట్రక్షన్ పని కాదు, పెయింటింగ్ పని' అన్నారు.

ఈ రెండు మాటలూ మీకు రేపు ఎక్కడో ఒక చోట వినపడతాయి. అందుకే జవాబు రాస్తున్నా.

ఒకటి. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996 నిర్వచనంలో రోడ్లు ఉండేవి. కొత్తగా వేయడమే కాదు, మరమ్మతు, నిర్వహణ కూడా ఉండేవి. స్టడ్డు పెట్టేవాడు నిర్మాణ కార్మికుడే. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలయ్యేది ఆ కార్మికుల సంక్షేమ బోర్డు కోసమే. బోర్డులో నమోదుకి వయసు 18 నుంచి 60 మధ్య ఉండాలి, ముందటి 12 నెలల్లో 90 రోజులు పని చేసి ఉండాలి. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో ఈ నమోదు, సంక్షేమ నిబంధనలను కలిపారు, ఈ 90 రోజుల షరతు అక్కడా ఉంది.

రెండు. మేం కేసు వేసింది 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద. దాని 12వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు కింద పనిచేసినవాడికి అసలు పని అప్పగించిన యజమాని కూడా నష్టపరిహారానికి బాధ్యుడయ్యేవాడు. క్లెయిము వేయడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లు గడువు.

మూడు, మస్టర్. వాళ్ల మస్టర్లో పేరు లేదు, నిజమే. మా వదినె దగ్గర మాత్రం పిల్లల పాత నోటుబుక్కు ఒకటుంది. ఏ రోజు పనికి పోయిండు, ఏ ఊరి దగ్గర, ఎంత ఇచ్చిన్రు, ఎంత బాకీ. ఏడో తరగతి చదివిన మనిషి, నాలుగేళ్ల లెక్క రాసి పెట్టింది. కంపెనీ తన లిస్టులో రాయని మనిషిని ఆమె తన లిస్టులో రోజూ రాసుకుంది. దానికి తోడు అన్న ఫోన్లో ఫొటోలు, వెనకాల కిలోమీటరు రాయి కనపడేలాగా. గ్యాంగులో ఇద్దరు సాక్ష్యానికి వస్తామన్నారు. అట్లా అన్నందుకు వాళ్లకు పని పోయింది. ఇప్పుడు వేరే మేస్త్రీ దగ్గర ఉన్నారు. కేసు నడుస్తోంది, మూడు వాయిదాలు అయినయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఊరికి పోయినప్పుడు ఓ పని చేయండి. మీ వాడలో రోడ్డు పనికి పోయే అన్నలు, బాబాయిలు ఎవరెవరో కనుక్కోండి. ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు కొనిపెట్టండి. తేదీ, ఊరు, కిలోమీటరు నంబరు, మేస్త్రీ పేరు, కూలి. ఐదు గడులు గీసివ్వండి. రాయడం రానివాళ్లకు వాళ్ల పిల్లలతో రాయించండి. పని దగ్గర నెలకు రెండు ఫొటోలు తీసుకోమని చెప్పండి. 90 రోజులు నిండగానే నమోదుకి మీరే వెంటపోండి. ఆ ఆఫీసులో ఫారం చేతికిచ్చి 'నింపుకుని రాపో' అంటారు. అక్కడే సగంమంది వెనక్కి తిరిగొస్తారు. మీ చదువు పనికొచ్చేది అక్కడ.

ఇంకొకటి, ఆర్టీఐ వేయడం నేర్చుకున్నవాళ్లు మీ దగ్గరి రోడ్డు పని టెండరులో వర్క్ జోన్ భద్రతకు ఎంత పెట్టారో అడగండి. కాగితం మీద ఎన్ని బారికేడ్లకు బిల్లయిందో, రోడ్డు మీద ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టి పక్కపక్కన రాయండి. అది చూపించాక నాతో మాట్లాడండి, కలిసి ముందుకు తీసుకుపోదాం.

మా నాయిన ఇప్పుడు లేడు. ఆయన కుట్టిన మోకాలు పట్టీల్లో ఒక జత ఇంకా మా అన్న ఇంట్లో ఉంది. తర్వాతి వాయిదాకి వాటిని కూడా పట్టుకురమ్మని మా వకీలు చెప్పిండు. మోకాళ్ల మీద చేసిన పని ఏ పనో ఆఫీసరుకు చూపించాలట.

వచ్చే ఆదివారం నమోదు ఫారం ఎట్లా నింపాలో, ఏ కాగితాలు జతచేయాలో గడి గడికీ రాస్తా.

జై భీమ్.