పడవ ఎక్కేముందు

సెలవుల్లో నలుగురూ కలిసి నదిలో షికారు చేయాలనుకుంటున్నారా? తప్పక వెళ్ళండి. కాని పడవ అందం చూసి మోసపోకండి.

కిందటేడు పులివెందుల నుంచి గండికోట వెళ్ళి, పెన్నలో ఏడుగురం ఒక పుట్టి ఎక్కాం. అంచు నీటికి నాలుగు వేళ్ళ ఎత్తున నిలిచింది. "ఏం కాదు సార్, పదిమందిని దాటించినా" అన్నాడు పుట్టి నడిపే అతను. ముగ్గురం దిగిపోయాం. మా చిన్నది అలిగింది. అలిగితే అలిగింది!

పుట్టి వెదురుబుట్ట. అందరూ ఒకవైపు ఒరిగితే బోల్తా పడుతుంది. చుట్టూ సమంగా, అడుగున కూర్చోవాలి. ఎక్కువమందికి అడుగు వెడల్పైన పడవే మేలు. అందరూ ఎక్కాక అంచు నీటికి జానెడు ఎత్తైనా లేకపోతే మనుషుల్ని తగ్గించండి. లైఫ్ జాకెట్లు ఒడ్డునే బిగించుకోండి. పిల్లల జాకెట్‌ను భుజాల దగ్గర పట్టి పైకి లాగితే చెవులదాకా రాకూడదు. వరదలో ఏ పడవా వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో పెద్ద బోటే మునిగి పలువురు చనిపోయారు.

మరొక్క మాట. మునిగినవారిని బయటికి తీశాక పొట్ట నొక్కకండి, తలకిందులు చేయకండి. ఆ నిమిషాలే ప్రాణం. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లోకి 5 సార్లు ఊదండి. తర్వాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా నొక్కి, 2 సార్లు ఊదుతూ, 108 వాహనం వచ్చేదాకా ఆపకండి.