పైకెక్కిన కామా

బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని. లోకంలో ఏ మాటనైనా మన యాభైయారు అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాసి పారేయొచ్చని నాకో పిచ్చి గర్వం ఉండేది. ఆ గర్వాన్ని ఎక్కడో దక్షిణ అమెరికాలో, గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో, మా చెల్లెలి వంటింట్లో పోగొట్టుకుని వచ్చాను.

మరిదిగారికి అక్కడ ఉద్యోగం. నెల్లాళ్ళుందామని వెళ్ళాను. పక్క వాటాలో ఓ టీచరమ్మ ఉండేది. ఎగువ మజరూని నది ప్రాంతం నుంచి తల్లిని వైద్యానికి తీసుకొచ్చింది. "మేం అకవాయోలం. అది ఇంగ్లీషువాళ్ళ రాత. మేమైతే అగవాయో అనే రాసుకుంటాం" అంది. కొద్ది వేలమంది మాట్లాడే భాషట.

ఓ రోజు ఆవిడ నోటుబుక్కులో 'టి-యు-ఎన్-ఎ' అని కనబడింది.

"ట్యూనా చేప కూర వండుతున్నావా ఏమిటి?" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వి మంచినీళ్ళ గ్లాసు చూపించింది. "తునా!"

తునా అంటే నీళ్ళు! అక్షరాలు ఇంగ్లీషువే గానీ ఇంగ్లీషు చదువు వాటికి పనికిరాదు. 'యు' కనిపిస్తే 'ఉ' అనాల్సిందే. ఆ మాటకొస్తే అది మన పద్ధతే కదా, రాసినట్టే చదవడం!

అక్కడితో అయిందనుకుంటే పొరపాటే. కొన్ని అచ్చుల నెత్తిన రెండేసి చుక్కలు. చుక్కలున్న 'ఐ' మన ఇ కాదు, ఉ కాదు. రెంటికీ నడుమ, పెదాలు గుండ్రం చెయ్యకుండా పలకాలి. చుక్కలున్న 'ఓ'కీ అంతే, పెదాలు చుట్టకూడదు. అద్దం ముందు నిలబడి అభ్యాసం చేస్తూంటే మా చెల్లెలు వచ్చి, "అక్కా, పన్ను నొప్పా?" అంది.

వీటన్నిటికీ మించింది, మాటల మధ్య పైకెక్కి కూర్చున్న ఓ కామా. రాసేటప్పుడు చెయ్యి జారిందేమోననుకుని, నా కాయితంలో అది తీసేసి ఎత్తి రాసుకున్నాను. టీచరమ్మ మొహంలో నవ్వు మాయమైంది.

"ఆంటీ, అది అక్షరం. గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకునే శబ్దం."

ఎంత ప్రయత్నించినా దగ్గొచ్చింది గానీ ఆ శబ్దం రాలేదు. ఇంతలో మా చెల్లెలి రెండేళ్ళ కొడుకు పొయ్యిమీది బాణలి మీదకి చెయ్యి చాచాడు.

"అ'అ!" అని అరిచాను.

"అదే, ఆంటీ! అదే!" అని చప్పట్లు కొట్టింది టీచరమ్మ.

నిర్ఘాంతపోయాను. పిల్లల్ని పెంచిన ప్రతి ఆడదీ రోజుకి పదిసార్లు అనే శబ్దం! దానికి మన అక్షరమాలలో చోటే లేదు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆస్పత్రిలో తల్లి పేరు ఆ కామా లేకుండా రాశారు. పిలిచినప్పుడు ఆ పెద్దావిడ అది తన పేరే కాదనుకుని బల్లమీద కూర్చునే ఉంది. వరస దాటిపోయింది. నా కాయితం చూడగానే ఆ పిల్ల మొహం ఎందుకు మాడిందో నాకప్పుడర్థమైంది.

డెస్రీ ఫాక్స్ గురించీ ఆవిడే చెప్పింది. వరమడాంగ్ అనే అకవాయో గ్రామంలో పుట్టి, 2003లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తన ఊళ్ళో మాట్లాడే భాషమీదే డాక్టరేటు తీసుకుంది. ఆ గ్రంథం పేరు మొదలవడమే అకవాయో మాటలతో! మొదటి మాటలోనే రెండు చుక్కలూ ఉన్నాయి, ఆ కామా కూడా ఉంది. తరవాత విద్యాశాఖలో మంత్రి అయింది. 2009లో రోడ్డు ప్రమాదంలో పోయింది. "మా భాషని మాలో ఒకరు రాస్తే ఎలా ఉంటుందో ఆవిడ చూపించింది" అంది టీచరమ్మ.

చెల్లెలివాళ్ళ ఇంటి యజమాని వీరసామిగారు. 1845 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వీరి ముత్తాత కూడా తెలుగువాడేనట. నేను ఆయన పేరు తెలుగులో రాసిచ్చాను. పెద్దాయన కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏ వైపు నుంచి చదవాలమ్మా?" అన్నాడు.

పేరొక్కటీ మిగిలింది, భాష పోయింది. టీచరమ్మ ఆ కాయితంకేసే చూస్తూ ఉండిపోయింది. మర్నాడు తల్లితోపాటు నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. గుమాస్తా వద్దంటున్నా వినకుండా, రిజిస్టర్లో తల్లి పేరు మధ్య తన కలంతో కామా పెట్టింది.

ఈసారి ఆ పెద్దావిడ మొదటి పిలుపుకే లేచింది. గుమాస్తాకి ఆ పేరు ఎలా పలకాలో కూతురు నేర్పించిందిలెండి!

పై కథలో నేను 'అ'అ' అని రాసినచోట కూడా ఓ కామా ఉంది. ప్రూఫులు దిద్దేవారికి మనవి: అది అచ్చుతప్పు కాదు. దయచేసి తీసెయ్యకండి.