ఆ 'నో' ఎక్కడికి పోయింది?

నేను రేడియాలజిస్టుని. రోజంతా చీకటి గదిలో కూర్చుని స్కాన్లు చూస్తూ మైకులో చెబుతుంటా. స్పీచ్ రికగ్నిషన్ దాన్ని రిపోర్టుగా మార్చేస్తుంది.

పీజీలో ఉన్నప్పుడు ఈ సౌకర్యం లేదు. మేం చెబుతుంటే టైపిస్టు అన్న కొట్టేవాడు. ఆయన డాక్టరు కాదు. కానీ మధ్యలో ఆపి, "మేడమ్, పైన కుడి కిడ్నీ అన్నారు, కింద ఎడమ అంటున్నారు. ఏది ఉంచమంటారు?" అని అడిగేవాడు. అప్పుడు చిరాకేసేది. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ చిరాకు పోయింది. అడిగే మనిషీ పోయాడు.

ఒక రాత్రి డ్యూటీలో బైక్ మీంచి పడ్డ కుర్రాడి సీటీ బ్రెయిన్ వచ్చింది. అంతా బాగుంది. "నో ఇంట్రాక్రేనియల్ హెమరేజ్" అన్నాను. మైక్ బటన్ అర సెకను ఆలస్యంగా నొక్కానేమో, 'నో' పడలేదు. ఇంకా బోలెడు స్కాన్లు వెయిటింగ్‌లో ఉన్నాయి. చదవకుండానే సైన్ చేసేశా.

కాసేపటికి క్యాజువాలిటీ నుంచి ఫోన్. "మేడమ్, బ్లీడ్ ఎక్కడుంది? మాకు కనబడట్లేదు. వాళ్లమ్మకి చెప్పేశాం."

గుండె జారిపోయింది. రిపోర్టు సరిచేసి కిందికి పరుగెత్తా. ఆవిడ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. "మీ బాబు తలలో రక్తస్రావం లేదమ్మా, తప్పు నాదే" అన్నాను. ఆవిడ తిట్టలేదు. "నిజంగా లేదా?" అని మూడుసార్లు అడిగింది.

స్పెల్ చెక్ ఇలాంటి తప్పు పట్టుకోలేదు. 'నో' ఉన్నా, ఊడినా స్పెల్లింగ్ కరెక్టే. మన 'లేదు' వాక్యం చివర వస్తుంది, అది పోతే మాట సగంలో ఆగినట్టు తెలిసిపోతుంది. ఇంగ్లీషు 'నో' మొదట్లోనే ఉంటుంది. ఊడిపోయినా మిగతాది నిండు వాక్యంలాగే కనబడుతుంది.

టెంప్లేట్లదీ ఇదే గొడవ. అన్నీ 'నార్మల్' అని ముందే రాసి ఉంటాయి, తేడా ఉన్నచోట మనం మార్చాలి. మర్చిపోతే, ఆపరేషన్‌లో తీసేసిన గాల్ బ్లాడర్ కూడా 'నార్మల్' అయిపోతుంది!

ఇప్పుడు కుడి ఎడమల తేడా పట్టేవి, ముగింపు కూడా రాసిపెట్టే ఏఐ టూల్స్ వస్తున్నాయి. రానివ్వండి, వాడతాను. కింద సంతకం మాత్రం నాదే కదా. అందుకే సైన్ నొక్కే ముందు ఆ టైపిస్టు అన్నలా నన్ను నేనే అడుగుతా: "మేడమ్, ఏది ఉంచమంటారు?"