కొర్లయి దారిలో మన మాట

మా ఖోలీ ఖాళీ చేయడానికి ఇంక నెల రోజులే ఉంది. వర్లీ బీడీడీ చాల్‌లో 160 చదరపు అడుగుల గది. మా తాత ఉన్నాడు, బాపు ఉన్నాడు, నేను అందులోనే పుట్టాను. కొత్త టవర్‌లో 500 అడుగుల ఇల్లు వస్తుంది. లిఫ్టు ఉంటుంది, బాత్‌రూమ్‌కి లైన్లో నిలబడే పని ఉండదు. ఇంట్లో అందరికీ సంతోషమే, బాపుకి తప్ప.

"ఇల్లు పెద్దదే బిడ్డా. గ్యాలరీ ఏది మరి? నేను ఎవలతోని మాట్లాడాలె?" అని ఒకటే మాట.

ఆయన గుబులు ఊరికే కాదు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. తాత తెలుగులో అడిగితే మరాఠీలో జవాబిస్తాడు. గ్యాలరీలో సాయంత్రం నలుగురు తెలుగు ముసలాళ్లు కుర్చీలు వేసుకుంటారు కాబట్టి వాడి చెవిన ఆ మాత్రమైనా పడుతోంది. తప్పు వాడిది అనలేను. హోంవర్క్ చెయ్యమని వాణ్ణి నేను తిట్టేది హిందీలోనే.

చాల్ విడిచేలోపు ఒకరోజు సముద్రం వెంట తిరిగొద్దామని నలుగురం అనుకున్నాం. నలుగురం మిల్లు కార్మికుల కొడుకులమే. ఒకడు టైలరు, ఒకడు బెస్ట్ బస్సు కండక్టరు, ఒకడు మా బావమరిది, కారు వాడిదే. వెనక సీట్లో మా అబ్బాయిని కూడా కుక్కాం. బయల్దేరే ముందు రాత్రి బాపు ఒక షోలాపూర్ చద్దర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మురుడ్ పోయే తొవ్వల నాంద్‌గావ్ ఉంటది. ఆడ నా జోడీదారు ఉన్నడు. ఇది ఇచ్చి, నేను అడిగిన్నని చెప్పుండ్రి" అన్నాడు.

పొద్దున నాలుగున్నరకి శివడీ దగ్గర అటల్ సేతు ఎక్కాం. 2024 జనవరిలో తెరిచిన వంతెన ఇది, దాదాపు 22 కిలోమీటర్లు. మా చిన్నప్పుడు ఇటు రావాలంటే ఠాణే ఖాడీ దాటి పన్వేల్ మీదుగా చుట్టూ తిరగాలి, లేకపోతే భావుచా ధక్కాలో లాంచీ ఎక్కాలి. ఇప్పుడు టోలు కట్టి అరగంటలో అవతలి ఒడ్డుకి చేరిపోయాం. చీకట్లో రెండువైపులా నీళ్లే. బావమరిది పాట పెట్టబోతే కండక్టర్ మిత్రుడు ఆపాడు. "కాసేపు ఊరుకోరా, గాలి విననీ."

తెల్లవారేసరికి పేణ్ దాటాం. వినాయక విగ్రహాలకి పేరున్న ఊరు. మన గల్లీ మండపాల్లో కూర్చునే వినాయకుల్లో ఎందరో ఇక్కడివాళ్లే. వడ్‌ఖళ్ నాకాలో వేడి వడాపావ్, చాయ్ అయ్యాయి. అలీబాగ్‌లో ఎక్కువసేపు ఆగలేదు. సముద్రంలో ఉన్న కులాబా కోటకి పాటు వేళ నడిచి వెళ్లొచ్చు. మేం వెళ్లేసరికి పోటు మీదుంది. ఒడ్డున నిలబడి దండం పెట్టి కదిలాం.

రేవదండా వంతెన మీద కుండలికా నది దాటితే కొర్లయి. అక్కడ కొండ ఒకటి సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. దాని వీపు మీద పోర్చుగీసువాళ్ల కోట. లైట్‌హౌస్ వైపు నుంచి మెట్లెక్కాం. టైలర్ మిత్రుడు నడుం పట్టుకుని మూడుసార్లు కూర్చున్నాడు. పైన సన్నటి పొడుగాటి కోట, కప్పు లేని చర్చి గోడలు, మూడువైపులా నీళ్లు. కింద నది సముద్రంలో కలిసేచోట నీళ్లు రెండు రంగుల్లో కనిపిస్తాయి. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది కింద ఊళ్లో చూసింది.

చేపలు ఎండబెట్టిన వాసన, పడవలు, వలలు చూసుకుంటూ కొర్లయి సందుల్లో నడుస్తుంటే ఒక ఇంటి గుమ్మంలో పెద్దావిడ ఎవరినో కేకేసింది. మరాఠీ కాదు, కొంకణీ కాదు. లోపల్నుంచి ఏడెనిమిదేళ్ల పిల్ల అదే భాషలో బదులిచ్చింది. ముంబైలో పుట్టి పెరిగినవాళ్లం, అన్ని భాషలూ చెవిన పడ్డవాళ్లం, ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను మరాఠీలో అడిగాను. "ఆయీ, ఇది ఏం భాష?"

ఆవిడ నవ్వింది. "మా ఇళ్లల్లో మాట్లాడుకునేదే. నో లింగ్ అంటాం. మన మాట అని."

పుస్తకాల్లో దీన్ని కొర్లయి పోర్చుగీసు అంటారు. క్రిస్తీ అని కూడా అంటారు. పోర్చుగీసు, మరాఠీ కలిసి పుట్టిన భాష. పోర్చుగీసువాళ్లు 1740లో ఈ కోటని మరాఠాలకి అప్పజెప్పి వెళ్లిపోయారు. అంటే దొరలు పోయి 280 ఏళ్లు దాటింది. ఈ భాష మాట్లాడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద వెయ్యిమంది దాకా ఉంటారు, అందరూ ఈ చుట్టుపక్కలవాళ్లే. ఈ భాషలో ఉద్యోగం రాదు, సినిమా రాదు. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ.

"మరి పిల్లకి ఎలా వచ్చింది?" అన్నాను.

"ఎవరైనా నేర్పుతారా? అన్నం పెట్టేటప్పుడు మాట్లాడతాం, వచ్చేస్తుంది" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. తర్వాత కొంచెం ఆగి, "ముంబై పోయినవాళ్ల పిల్లలకి రాదు" అని చేపలు తిరగేసుకుంది.

ఆ రెండో మాట నాకు గుచ్చుకుంది. మా అబ్బాయి వైపు చూశాను. వాడు ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటున్నాడు.

కార్లో అందరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత టైలర్ మిత్రుడు అన్నాడు, "మనం కుట్టే బొత్తాం కూడా పోర్చుగీసు మాటేనట రా. మేస్త్రీ, తువాలు కూడా." కండక్టర్ అందుకున్నాడు. "అయితే వాళ్ల మాటలు మనం దాచిపెట్టినం, మన మాటలే పారేసుకుంటున్నం." నవ్వుకున్నాం కానీ ఎవరికీ గట్టిగా నవ్వు రాలేదు.

కాశీద్‌లో సరుగుడు చెట్ల కింద తెల్లటి ఇసుక. ఆదివారం జనం, ఒంటెలు, గుర్రబ్బళ్లు. గంటసేపు నీళ్లలో ఆడి, తడిబట్టలతోనే నాంద్‌గావ్ చేరాం.

అది పోకచెట్లు, కొబ్బరిచెట్ల మధ్య ఊరు. బాపు చెప్పిన గుర్తులు నలభై ఏళ్ల నాటివి. అయినా "ముంబై మిల్లులో పనిచేసిన కాకా" అనగానే ఒకాయన తోట దాకా వచ్చి చూపించాడు. కాకాకి ఎనభై దగ్గర. చద్దర్ చేతిలో పెట్టి బాపు పేరు చెప్పగానే మమ్మల్ని చూడ్డం మానేసి చద్దర్ అంచు వేళ్లతో నలిపి చూశాడు. నేతగాడి చెయ్యి కదా, ముందు నేత చూసుకుంటుంది.

సాంచా ఖాతాలో ఇద్దరివీ పక్కపక్క సాంచాలు. ఆ మోతలో గొంతు వినపడదు, పెదాలు చూసి, చెయ్యి చూసి అర్థం చేసుకోవాలి. ఒకడు చాయ్‌కి పోతే రెండోవాడు రెండువైపులా చూసుకునేవాడు. కొంకణం నుంచి వచ్చినవాళ్లు, మన కరీంనగర్, నల్గొండల నుంచి వచ్చినవాళ్లు ఒకే డబ్బాలో చెయ్యి పెట్టి తిన్న రోజులు. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు. నెలలు గడిచాయి, ఏడాది దాటింది. కాకా ఊరికి వచ్చేసి పోకతోట పట్టుకున్నాడు. మా బాపు భివండీలో పవర్‌లూమ్ మీద చేరాడు. మళ్లీ ఆ మిల్లు వాళ్లని పిలవలేదు.

బాపుకి వీడియో కాల్ కలిపాను. తెర మీద మొహం కనబడగానే కాకా అరిచాడు, తెలుగులో.

"ఏమన్నా! బువ్వ తిన్నవా?"

అవతల బాపు మాట రాక తల ఊపుతున్నాడు. కాకా ఆపలేదు. "పోగు తెగింది అన్నా! జర చూడు!" అని పాత షెడ్డులోలా చెయ్యి ఊపాడు. ఆ తర్వాత మిల్లులో నేర్చుకున్న రెండు మోటు మాటలు కూడా అన్నాడు, అవి ఇక్కడ రాయను. ఇద్దరు ముసలాళ్లూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఫోన్ పెట్టాక కాకా మా అబ్బాయి వైపు తిరిగి తెలుగులోనే అడిగాడు. "నీ పేరేంది?" వాడు అలవాటుగా మరాఠీలో చెప్పాడు. కాకా పకపకా నవ్వి మరాఠీలో అన్నాడు. "అరే బాళా, కొంకణపోణ్ణి నేను నీ భాషలో అడిగితే, నువ్వు నా భాషలో చెప్తావా?" వాడి చెవులు ఎర్రబడ్డాయి. కాకా తిట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, "నీ తాత సాంచా పక్కనే నా సాంచా" అని వాడి వీపు నిమిరాడు. బియ్యప్పిండి భాక్రీ, బంగడా చేపల పులుసు, సోల్‌కఢీ పెట్టారు. వద్దన్నా రెండోసారి వడ్డించారు.

అక్కడే నాలుగున్నర అయింది. రాజ్‌పురి రేవుకి పరుగెత్తేసరికి జంజీరా కోటకి చివరి పడవ వెళ్లిపోయింది. సిద్దీల కోట అది. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ నవాబులయ్యారు. మరాఠాలు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ కోట చేజిక్కలేదు. జంజీరా అన్న పేరు కూడా ద్వీపం అనే అరబ్బీ మాట నుంచి వచ్చిందే. పొద్దు కుంకుతుంటే నీళ్ల మధ్య నల్లగా నిలబడ్డ కోటని ఒడ్డు నుంచే చూశాం. మీరు వెళ్తే ముందు జంజీరా చూసుకుని తిరుగు దారిలో మిగతావి చూడండి. వానాకాలంలో పడవలు నడవవు. ఆదివారం రాత్రి వడ్‌ఖళ్ దగ్గర ట్రాఫిక్ ఉంటుంది, పిల్లలకి తినడానికి ఏమైనా దగ్గర పెట్టుకోండి.

తిరుగు దారిలో ఒక మాట అనుకున్నాం. కొత్త బిల్డింగ్‌లో గ్యాలరీ ఉండదు, నిజమే. లిఫ్టు దగ్గర నాలుగు కుర్చీలు వేసుకుంటే ఎవరు వద్దంటారు? ఆదివారం సాయంత్రం ముసలాళ్లని కిందికి దింపే పూచీ మా నలుగురిది. ఇంటి లోపల తెలుగులో మాట్లాడే పూచీ ఎవరిది వాళ్లది. ముందు నాది.

ఇల్లు చేరేసరికి పదకొండున్నర. బాపు గ్యాలరీలో కుర్చీలోనే ఉన్నాడు. మా అబ్బాయి చెప్పులు విడిచి ఆయన పక్కన నిలబడ్డాడు. కాసేపు మాటలు వెతుక్కున్నాడు.

"తాతా... సాంచా... ఎట్ల నడుస్తది?"

బాపు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ గాలిలో పెట్టి, ఇటు నాడె పోతది, అటు నాడె వస్తది అని మొదలుపెట్టాడు. పొద్దున్నే బడి ఉందని వాడికి గుర్తుచేద్దామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకుని లోపలికి వెళ్లిపోయాను.