చర్మం దాటే మందు

నేను చదివిన కథల్లో పురుగుమందు నోట్లోంచే లోపలికి పోతుంది. రైతు తాగుతాడు, కథ ముగుస్తుంది. చర్మంలోంచి ఇంకే మందు గురించి మాత్రం ఎవరూ రాయరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు. నాట్లు, కలుపు ఆడవాళ్ల పని. మందు పడ్డ మళ్లలోనే పొద్దస్తమానం వంగి ఉంటారు. నానిన చర్మం, పగిలిన చర్మం రసాయనాన్ని మరింత లాగుతుంది.

ఎంత లాగుతుందో తేల్చడానికి 2004లో ఓఈసీడీ 428వ మార్గదర్శకం ఇచ్చింది. గాజు పరికరంలో చర్మపు ముక్కని బిగిస్తారు. పైన మందు, కింద ద్రవం. 32 డిగ్రీల దగ్గర ఉంచి, కిందికి ఎంత దిగిందో గంటల లెక్కన కొలుస్తారు. ఆ ముక్క చాలాసార్లు పొట్ట, రొమ్ము ఆపరేషన్లలో తీసేసినది. అంటే తరచుగా ఆడవాళ్ల చర్మమే! కాకపోతే చిల్లూ చీలికా లేదని ముందే పరీక్షిస్తారు. దెబ్బతిన్నదైతే పక్కన పడేస్తారు. నాట్లేసే ఆమె అరచెయ్యి ఈ పరీక్షకి పనికిరాదన్నమాట.

గ్లౌజులు తొడుక్కోమని డబ్బా మీద ఉంటుంది కదా అని కోదాడ దగ్గర ఒకామెని అడిగాను.

"డబ్బా మా చేతికెప్పుడొచ్చింది బిడ్డా? మందు ఆసామి తెస్తడు" అంది.