నాపరాతి దేవాలయాలు

కడప జిల్లాలో చూడదగిన వేమిటని అడిగితే గండికోట అంటారు, ఒంటిమిట్ట అంటారు, పుష్పగిరి అంటారు. తుమ్మలపల్లె పేరెత్తితే యురేనియం గని జ్ఞాపకం వస్తుంది. 2012లో పని మొదలుపెట్టిన గని అది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు పల్లెల్లోని చిన్న కతోలిక దేవాలయాల మాట మాత్రం ఎవరూ తలపెట్టరు. శిల్పాలు లేవు, శాసనాలు లేవు, చూడ్డాని కేముంది అంటారు. ఉన్నది. కాస్త నిలబడి చూడాలి, అంతే.

రాయలసీమకు కతోలిక మతం కొత్తది కాదు. 18వ శతాబ్ది ఆరంభంలోనే పుదుచ్చేరినుంచి వచ్చిన జెసూట్ గురువులు సన్యాసి వేషంతో పుంగనూరు, కృష్ణాపురం సీమల్లో బోధించారు. 1773లో ఆ సభ రద్దయినా విశ్వాసం మిగిలింది. 19వ శతాబ్ది చివరి పాదంలో లండను మిల్ హిల్ సభ గురువులు తెలుగు పల్లెల బాధ్యత తీసుకున్నారు. 1876–78 నాటి ధాత కరువు తర్వాత క్రైస్తవం ముఖ్యంగా పేదల వాడల్లో వేళ్లూనింది. కడప మేత్రాసనం 1976లో ఏర్పడింది.

పేదల దేవాలయానికి రోమునుంచి చలువరాయి ఎక్కడ వస్తుంది? కాళ్లకింది రాయే గోడ అవుతుంది, గచ్చు అవుతుంది. కడప బండ అని దేశమంతా కొనుక్కునే నాపరాయి ఇక్కడిదే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి ఈ జిల్లాలోని నార్జి గ్రామం పేరే పెట్టారు. పాత పద్ధతి కట్టడాల్లో గోడలు మందం. మధ్య గానుగ సున్నం. పైన దూలాలు పరచి, బండలు కప్పి, చౌడుమట్టి పోసిన మిద్దె. ఎండలు మండే ఈ సీమలో మందపు గోడ పగటి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు.

ఆచారం మన ఊళ్ల వాసన గలదే. చెప్పులు బయట విడుస్తారు. ఆడవాళ్లొక వైపు, మగవాళ్లొక వైపు నేలమీద కూర్చుంటారు. చాలాచోట్ల ముందు ధ్వజస్తంభం, పక్కన మరియమాత గుహ. పండుగనాడు తేరు ఊరంతా తిరుగుతుంది. పీఠం దగ్గర కాలపు గుర్తొకటి కనిపిస్తుంది. పూర్వం గురువులు పీఠంవైపు తిరిగి లాటిన్‌లో పూజ చేసేవారు. 1962–65 వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. గురువులు జనంవైపు తిరిగారు. గోడకు ఆనుకున్న పాత పీఠమూ, ముందుకు జరిగిన కొత్త పీఠమూ ఒకేచోట కనబడితే ఆ మార్పు కళ్ల ముందున్నట్టే.

ఇప్పుడు వీటికి వచ్చిన ముప్పు శత్రువులవల్ల కాదు, భక్తులవల్లనే. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే పాతది పడగొట్టి ఎత్తయిన గోపురంతో కాంక్రీటు గుడి కట్టాలని ఉత్సాహం. అది తప్పనలేము, తాతలు మిద్దెకింద ఇరుకున కూర్చున్నారు, మనుమలకు విశాలం కావాలి. కూల్చనివారు గోడలకు సిమెంటు పూస్తారు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల నీరు నిలిచి గోడ చివుకుతుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో సిమెంటయ్యేదీ ఈ సున్నపురాయే. తోడబుట్టిన రాయే గోడకు చేటు తెస్తున్నదన్నమాట!

1958 కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడ మనిపించుకోవాలంటే కనీసం నూరేళ్లు నిండాలి. నిండినా ఇంత చిన్నవాటిమీద ప్రభుత్వం చూపు పడడం అరుదు. కనుక కాపాడవలసింది ఊరివారే. కొత్త గుడి పక్కన కట్టుకుని, పాతదాన్ని పిల్లల సత్యోపదేశానికి ఉంచుకోవచ్చు. ఏటా మిద్దెమీద మట్టి సరిచూసి, గోడకు సున్నం వేస్తే చాలు. రాజులు కట్టిన కోటకు కాపలా ఉన్నది. కూలీనాలీ చేసుకునేవారు రాళ్లు మోసి కట్టుకున్న గుడికి వారి మనుమలే కాపలా.