గట్టు మీది సంఘం

రొయ్యల గుంట ఉన్నవాడికి తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం జబ్బు కాదు, పని. రాత్రిపూట నీళ్లలోని ప్లాంక్టన్ కూడా రొయ్యతో పాటే ఊపిరి పీలుస్తుంది. ఎండ లేదు కనుక కొత్త ఆక్సిజన్ తయారుకాదు. పొద్దు పొడవబోయే ముందు గుంటలో అది అన్నిటికన్నా తక్కువకు పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ అందుకోక ఏరేటర్లు ఆగాయంటే నెలల కష్టం తెల్లారేసరికి చచ్చి గట్టు వారకు కొట్టుకొస్తుంది. ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా గట్ల మీద టార్చిలైట్లు తిరిగేది అప్పుడే. అందుకే నాకు జబ్బు చేసిన సంగతి నాకే తెలియలేదు.

పంట పోయి, గుంటలు ఎండగట్టి, సున్నం చల్లి వదిలేసిన నెలల్లో కూడా మూడింటికి కళ్లు తెరుచుకునేవి. చూసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. అయినా లేచి పోయి ఎండిన గుంట చుట్టూ టార్చి వేసుకుని తిరిగేవాణ్ణి. చూసినవాళ్లు బాధ్యత గల మనిషి అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. మామూలుగా లేచే వేళకన్నా రెండు గంటలో, ఇంకా ముందో మెలకువ వచ్చి ఇక నిద్ర పట్టకపోవడం డిప్రెషన్ గుర్తుల్లో ఒకటని తర్వాతెప్పుడో డాక్టరు చెబితే నవ్వొచ్చింది. ఆ లెక్కన మైపాడు రోడ్డు పొడుగునా రోగులే. కాకపోతే పనుండి లేచినవాడు పని కాగానే పడుకుంటాడు. నాకు పొద్దెక్కేదాకా గుండె దడ తగ్గేది కాదు. మామిడికాయ వేసిన చేపల పులుసు కూడా సయించేది కాదు. ఫోన్ మోగితే మేత డీలరేమోనని చెమటలు పట్టేవి.

మొదట గుండె జబ్బే అనుకున్నాను. నెల్లూరు పోయి ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ చేయించుకున్నాను. అవి బాగానే ఉన్నాయంటే కడుపులో ఏదో ఉందని ఎండోస్కోపీకి పోయాను. అన్నీ నార్మల్. ఆ మాట వింటే ఊరట రావాలి కదా, నాకు కోపమొచ్చేది. ఇంత బాధ పడుతుంటే ఏమీ లేదంటారేందని ఇంకో ఆసుపత్రి మెట్లెక్కేవాణ్ణి. ఆ ఏడాది పరీక్షలకు పోసిన డబ్బుతో ఒక గుంటకు రొయ్యపిల్ల దిగేది. దడ వస్తే ఒకసారి గుండె చూపించుకోవాల్సిందే, థైరాయిడ్, రక్తం కూడా చూపించుకోవాల్సిందే. నేను మాత్రం ఒకే జవాబును నాలుగు చోట్ల కొన్నాను.

దానికన్నా చవకగా దొరికిందీ, ఎక్కువ చెరుపు చేసిందీ మందుల షాపులో కొన్న నిద్రమాత్ర. ఆల్ప్రాజోలం. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. తెలిసినవాడు కదా అని అడిగాను, తెలిసినవాణ్ణి కదా అని ఇచ్చాడు. మొదట్లో హాయిగా నిద్ర పట్టింది. తర్వాత ఒకటి చాలలేదు. ఒకనాడు పౌరుషానికి పోయి మొత్తం మానేస్తే వణుకు, దడ మునుపటికి రెట్టింపై తిరిగొచ్చాయి. ఆ జాతి మాత్రలు అలవాటు పడతాయనీ, మానాలంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలనీ అప్పటికి నాకు తెలియదు. మధ్యలో ఒక కల్యాణ మండపంలో మనోశక్తి తరగతులకు కూడా డబ్బు కట్టాను. కళ్లు మూసుకుని కోటి రూపాయలు ఊహించుకోమన్నాడు. నాకు డీలరు బాకీ పుస్తకమే కనపడింది.

చివరికి నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోయాను. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పోయానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఓపీ చీటీ తీసుకుంటే చూశారు, మాత్రలు కూడా అక్కడే ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు అడిగారు. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, నిద్ర ఎట్టా ఉంది, ఆకలి ఎట్టా ఉంది, నేనెందుకూ పనికిరానని అనిపించిందా, ఇట్టాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. ఎవరైనా ఉచితంగా వాడుకోదగ్గ ప్రశ్నలు అవి. పది గానీ అంతకు మించి గానీ వస్తే ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలని లెక్క. ఈ మాత్రలు పనిచేయడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను రెండో వారం తిరక్కముందే గుణం లేదని మానేశాను. పిల్ల దించిన మర్నాడే కౌంట్ చూసేవాడు లేడు కానీ మందు విషయంలో ఆ బుద్ధి రాలేదు. మళ్లీ మొదటి నుంచి వాడాల్సి వచ్చింది.

సంఘం ఆలోచన మా ఆవిడది. ఆవిడ పొదుపు సంఘంలో రెండో లీడరు. "మా పదిమందిలో ఎవరికెంత బాకీ ఉందో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అందరికీ తెలుసండీ. మీ మగాళ్లే గట్టు మీద ఒక్కొక్కరూ ఒక్కో ద్వీపం" అంది. తేలిగ్గా తీసుకున్నాను కానీ ఆ మాట వెనక మా జిల్లా చరిత్ర ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించడానికి రోడ్డెక్కారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే మిగిలిన డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకుందామని జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. నేను వాటిని అప్పుల సంఘాలనే అనుకుంటూ వచ్చాను. వాటిలో అప్పు ఎంతో, పక్కనున్న మనిషి ముఖం చూసి ఏమైందని అడగడమూ అంతే. ముప్పై ఏళ్లుగా అది మా ఇంటి వసారాలోనే జరుగుతుంటే నేను నెల్లూరులో ఎండోస్కోపీ చేయించుకుంటున్నాను.

మందు గుణం ఇచ్చి కాస్త తేరుకున్నాక మోటారు షెడ్డు దగ్గర ఆదివారం సాయంత్రాలు కూర్చోవడం మొదలుపెట్టాం. పక్క గట్టు ఆయన, వరి కౌలు చేసే ఒకాయన, మైపాడులో పడవ అమ్ముకున్న ఒకాయన, నేను. ఖర్చు టీ డబ్బులు. పైసా ఖర్చు లేని పని కదా, చెడేదేముందిలే అనుకున్నాను.

మొదటిసారే చెడగొట్టాను. ఒకాయన తనకు బతుకు రుచించడం లేదంటే, నేను "నీకేం తక్కువన్నా, బిడ్డలిద్దరూ సెటిలయ్యారు" అన్నాను. ఇదే మాట నాతో ఊళ్లో సగంమంది అన్నారు, అన్న ప్రతిసారీ ఇంకాస్త కుంగిపోయాను. అయినా పెద్దరికం నోటికొచ్చేసింది. తర్వాత ఒకరు యోగా చెయ్యమన్నారు, ఒకరు ఫలానా గుడికి పొమ్మన్నారు, ఇంకొకాయన నా మాత్రల అట్ట ఫొటో తీసుకుని అవే కొనుక్కోబోయాడు. అతణ్ణయితే ఆపగలిగాను.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. వచ్చేవాళ్లలో ఒకతను ఒకనాడు చాలాసేపు ఊరుకుని, ఇంట్లో తెలియకుండా భార్య నగలు తాకట్టు పెట్టాననీ, ఎప్పుడు అడుగుతుందోనన్న భయంతో చేతులు వణుకుతున్నాయనీ చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. మేం ఏమీ మాట్లాడలేదు, అదొక్కటే ఆ రోజు మేం చేసిన మంచిపని. మర్నాడు అతని బావమరిది నాకు కలిశాడు. ఉన్నవాడు, పూనుకుంటే నగలు విడిపిస్తాడని నా లెక్క. చెవిలో వేశాను. వారం తిరక్కముందే టీకొట్టు దగ్గర అందరి నోటా అదే మాట, ఆ ఇంట్లో పెద్ద గొడవ. అతను మళ్లీ షెడ్డు వైపు రాలేదు. నేను ఇంటికెళ్లి క్షమించమంటే "పర్లేదన్నా" అని మంచినీళ్లిచ్చి పంపాడు. ఇప్పటికీ రోడ్డు మీద కనపడితే పలకరిస్తాడు, ఆగడు. మిగతావాళ్లు కూడా మూడు నెలలు మేత రేట్లు తప్ప ఏమీ మాట్లాడలేదు. పట్నంలో మనిషి పోయి ఎవరో తెలియనివాళ్ల మధ్య ఏడ్చి రాగలడు. ఇక్కడ విన్నవాడే పెళ్లిలో పక్క విస్తరి దగ్గర కూర్చుంటాడు. పల్లెలో తోటివాళ్ల ఆసరాకు కట్టాల్సిన ఖరీదు నోరు కట్టుకోవడమేనని నాకు ఒక మనిషిని పోగొట్టుకున్నాక అర్థమైంది.

రెండోసారి మా ఆవిడనే అడిగి, వాళ్ల సంఘం పద్ధతులే తెచ్చుకున్నాం. ఒకే రోజు, ఒకే వేళ. అందరూ చాప మీదే, కుర్చీ ఎవరికీ లేదు. పొదుపు కట్టేటప్పుడు వరస తప్పనట్టే మాటకూ వరస. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అందుకోకూడదు, వద్దనుకుంటే ఈసారికి వదిలెయ్యమనవచ్చు. అడిగితే తప్ప సలహా లేదు. మందుల పేర్లు, మోతాదులు ఎత్తకూడదు. వాళ్ల సంఘానికీ మాదానికీ ఒక్కచోట తేడా పెట్టాం: ఇక్కడ అప్పులు లేవు. అప్పిచ్చినవాడి ముందు ఎవడూ మనసు విప్పడు. విన్నది షెడ్డు దాటకూడదు, ఇంటావిడకైనా సరే చెప్పకూడదు. నగల సంగతి తెలుసు కనుక మా ఆవిడ ఈ షరతుకు మారు మాట్లాడలేదు.

చదువుకున్న డాక్టర్లు చేయాల్సిన పని మీరెట్టా చేస్తారని మా అల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, హరారేలో ఆసుపత్రి ఆవరణలోని బెంచీల మీద కూర్చోబెట్టాడు. ఆ దేశంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్న రోజులవి. ఆ అవ్వలతో మాట్లాడినవాళ్లకు నిజంగానే నయమవుతోందని 2016లో అధ్యయనం కూడా వచ్చింది. గోవాలో సంగత్ సంస్థ వైద్యం చదవని కౌన్సిలర్లతో ఆరోగ్య కేంద్రాల్లో ఇలాంటి పనే చేసి చూపించింది. మన పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, ఇంటింటా ఆ తొమ్మిది ప్రశ్నలు అడిగించి, అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపించారు. అయితే వాళ్లందరికీ శిక్షణ ఉంది, మాకు లేదు. కనుక మేం వైద్యం చేయం, కూర్చుంటాం. అల్లుడికి అదే చెప్పాను.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు షెడ్డులో కొత్త చిక్కొచ్చింది. రొయ్య రేటు పడిపోయి అందరూ ఒకే గుంటలో పడ్డారు. వరస తిరిగి వచ్చేసరికి ప్రతి నోటా అదే నష్టం, కూర్చున్నప్పటికన్నా లేచేటప్పుడు ముఖాలు ఇంకా వాడిపోయేవి. అప్పుడు గోవావాళ్ల పద్ధతి ఒకటి అరువు తెచ్చుకున్నాం. మనసు బాగుపడ్డాక పని చేద్దామని కూర్చోకుండా, చిన్న పని ముందు చేస్తే మనసు దాని వెంట కదులుతుందన్నది అందులో కీలకం. "ఎట్టా ఉన్నావ్" అని అడగడం మానేసి "నిన్న ఏం చేశావ్" అని అడగడం మొదలుపెట్టాం. పడవ అమ్ముకున్నాయన ఏమీ చేయలేదన్నాడు. కాసేపటికి, పాత విసురు వలకు ఊడిన గుండ్లు నాలుగు కట్టానన్నాడు. వచ్చే వారానికి ఎన్ని కడతావంటే, పది అన్నాడు. ఆరే కట్టాడు. ఆరూ మాకు చూపించాడు.

నోరు విప్పకూడదన్న నియమానికి ఒక్క మినహాయింపు ఉంది, అది మొదటి రోజే అందరికీ చెప్పేస్తాం. ఆ తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. దానికి ఎవరు అవునన్నా ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపం. ఇంట్లోవాళ్లకు చెబుతాం, పురుగుమందు డబ్బాలు ఆ పూటే వేరే చోటికి చేరుస్తాం, అక్కడే కూర్చుని 14416కు ఫోన్ చేస్తాం. అది టెలీమానస్, 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న ఉచిత ఫోన్ సేవ. ఇరవైనాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. ఒకసారి నేనూ మూడింటప్పుడు చేసి, అవతల గొంతు వినగానే పెట్టేశాను. మళ్లీ చేస్తే తిట్టలేదు. కేసవుతుందేమోనన్న భయం ఊళ్లలో ఇంకా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. ఈ సంగతి షెడ్డులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరో ఒకరు కొత్తగా వింటారు.

ఇప్పుడు మా మధ్య ఒక తగవు నడుస్తోంది. తాగి వచ్చినవాణ్ణి చాప మీద కూర్చోనివ్వాలా వద్దా? నేను వద్దంటాను; తాగినవాడికి విన్నది కడుపులో ఆగదు, ఆ సంగతి తాగకుండానే నోరు జారిన నాకు బాగా తెలుసు. వరి కౌలు ఆయన మాత్రం, తాగకుండా రాగలిగేవాడైతే మన దగ్గరికెందుకు వస్తాడు, గట్టు చివర కూర్చోబెట్టి టీ అయినా పోద్దాం అంటాడు. దూబగుంట ఉన్న జిల్లాలో ఈ ప్రశ్న మగవాళ్లకు వదిలేస్తే తేలదని మా ఆవిడ నవ్వుతోంది. వచ్చే ఆదివారం చేతులెత్తించి తేలుద్దామనుకున్నాం. ఎటు తేలినా తీర్మానం పుస్తకంలో రాసేది నేనే.